ప్రెస్ కింద పుట్టని పగుళ్లు: ఇత్తడి ఫోర్జింగ్‌లో లోపం ఎక్కడ మొదలవుతుంది?

అనపర్తి దగ్గర మా అక్కావాళ్లకు కోళ్ల ఫారం ఉంది. షెడ్డులో కోళ్లకు నీళ్లు వెళ్లే లైనుకు బిగించిన ఇత్తడి నట్టు ఒకటి నిరుడు వానాకాలంలో చీలిపోయింది. బ్లేడుతో గీసినట్టు పొడవునా ఒకటే చీలిక. బావగారు దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. "ఎవరూ కొట్టలేదయ్యా, ఎవరూ తిప్పలేదు. పొద్దున్నే చూస్తే నీళ్లు కారుతున్నాయి. దానంతటదే చీలిపోయింది" అన్నారు. అమ్మిన కొట్టాయన మాట వేరు. "ఆయ్, పానాకి పైపు తొడిగి బిగించేసుంటారండి. సరుకులో ఏం లోపం లేదు" అన్నాడట.

నేను పదిహేనేళ్లు ఇత్తడి ఫోర్జింగ్ యూనిట్లలో తనిఖీ పని చేశాను. ఇలాంటి ముక్కలు రోజూ నా బల్ల మీదకు వచ్చేవి. అయినా వాళ్లిద్దరిలో ఎవరి మాట నిజమో చూడగానే చెప్పలేకపోయాను. చీలిక కనిపించిన చోటు వేరు, అది మొదలైన చోటు వేరు. మొదలు తెలియాలంటే ఆ నట్టు తయారైన దారంతా ఒక్కో మజిలీ దగ్గర ఆగి చూసుకుంటూ రావాలి. తయారీలో లోపాలు రాకుండా చూడటమంటే కూడా అదే పని. కాకపోతే దాన్ని ముక్క చీలకముందే చెయ్యాలి.

మన గోదావరి జిల్లాల్లో ఇత్తడి అనగానే తణుకు పక్కనున్న అజ్జరం గుర్తొస్తుంది. అక్కడి గంగాళాలూ బిందెలూ గుడి సామానూ తయారయ్యే పద్ధతులు ముఖ్యంగా రెండు. రేకును సుత్తితో కొట్టి ఆకారం తేవడం ఒకటి, లోహాన్ని కరిగించి అచ్చులో పోత పోయడం రెండోది. ఫోర్జింగ్ ఈ రెండూ కాదు. ఇత్తడి రాడ్‌ను ముక్కలుగా కోసి, కరగనివ్వకుండా ఎర్రగా కాల్చి, రెండు ఉక్కు డైల (అచ్చుల) మధ్య పెట్టి ప్రెస్‌తో ఒక్క దెబ్బ కొడతారు. వంటింట్లో గ్యాస్ బండ నెత్తిన ఉండే వాల్వు అలా పుట్టిందే. కుళాయిలు, పైపు ఫిట్టింగులు, స్ప్రేయర్ల భాగాలు చాలావరకు ఇలాగే వస్తాయి. మన దగ్గర హార్డ్‌వేర్ కొట్లలో దొరికే ఇత్తడి విడిభాగాల్లో పెద్ద వాటా గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచి వచ్చేదే.

కజ్జికాయల చెక్క తెలిసినవాళ్లకు ఫోర్జింగ్ గురించి సగం తెలిసినట్టే. చెక్కలో పిండి పెట్టి మూసి నొక్కితే ఆకారం వస్తుంది, ఎక్కువైన పిండి అంచుల్లోంచి బయటికి వస్తుంది, దాన్ని తీసేస్తాం. ఫోర్జింగ్‌లో అలా బయటికొచ్చే అంచును ఫ్లాష్ అంటారు, దాన్ని కత్తిరించడం ట్రిమ్మింగ్. పోతలో చిన్న గాలి బుడగలు మిగిలిపోయే భయం ఉంటుంది. ఫోర్జింగ్‌లో లోహం ఒత్తిడికి సందు లేకుండా దట్టమై, ఆకారాన్ని అనుసరించి సాగుతుంది కాబట్టి నీళ్లనూ గ్యాస్‌నూ లీకు కాకుండా పట్టి ఉంచుతుంది. అంత నమ్మకంతో వాడే వస్తువు కాబట్టే అందులో లోపం ఉంటే నష్టం కూడా ఎక్కువ.

కరిగించే మూస దగ్గరే

ఇత్తడి అంటే రాగి, జింక్. మన పెద్దవాళ్లు జింక్‌ను తుత్తునాగం అనేవారు. ఈ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయన్నదే అన్నిటికీ మూలం. జింక్ సుమారు 35 శాతం లోపు ఉంటే లోహమంతా ఒకే రకం స్ఫటికాలతో ఉంటుంది. దాన్ని ఆల్ఫా అంటారు. ఇది చల్లగా ఉన్నప్పుడే బాగా సాగుతుంది, అందుకే బిందెల రేకుకు, తూటాల తొడుగులకు పనికొస్తుంది. జింక్ 40 శాతం దగ్గరికి వస్తే బీటా అనే రెండో రకం స్ఫటికాలు కూడా చేరతాయి. బీటా చల్లగా ఉంటే మొండి. 700 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం పూరీ పిండిలా లొంగుతుంది. ఫోర్జింగ్‌కు కావలసింది ఈ గుణమే. అందుకే ఫోర్జింగ్ ఇత్తడిలో రాగి 58 నుంచి 61 శాతం, సీసం 2 శాతం అటూఇటూ, మిగతాది జింక్ ఉండేలా చూస్తారు. మన దేశంలో రాగి, రాగి మిశ్రమాల ఫోర్జింగులకు ఐఎస్ 6912 అనే ప్రమాణం ఉంది.

సీసం ఎందుకంటే లేత్ మీద తురుము పొడిపొడిగా రాలడానికి. అది ఇత్తడిలో కరిగి కలిసిపోదు, సన్నని చుక్కలుగా విడిగా ఉంటుంది. 327 డిగ్రీలకే కరుగుతుంది. అంటే కొలిమిలో ముక్క 750 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లోపల వేల చుక్కల ద్రవం ఉందన్నమాట. బీటా ఎక్కువగా ఉంటే లోహం దాన్ని తట్టుకుంటుంది. రాగి శాతం పెరిగి ఆల్ఫా ఎక్కువైతే ఆ ద్రవం స్ఫటికాల అంచుల వెంట పాకి, దెబ్బ పడగానే ముక్క చీలుతుంది. తేడా రెండు మూడు శాతమే, ఫలితం మాత్రం పూర్తిగా వేరు.

ఈ రెండు మూడు శాతం ఎక్కడ తప్పుతుందంటే, తుక్కు దగ్గర. పాత బిందెలు, విరిగిన కుళాయిలు, లేత్ తురుము అన్నీ ఒకే మూసలో వేసి కరిగిస్తారు. బిందెలో రాగి ఎక్కువ, కుళాయిలో సీసం ఎక్కువ, అతుకుల్లో తగరం. తురుములో ఇనుప రజను ఉంటే గట్టి రాళ్లలాంటి చుక్కలై పనిముట్లను తినేస్తుంది. కరిగించే ముందు తురుము మీద అయస్కాంతం తిప్పడం చాలా చవకైన జాగ్రత్త. ఈ మధ్య తాగునీటి సామానుకు సీసం లేని ఇత్తడి వస్తోంది. అందులో కొన్ని రకాల్లో సీసానికి బదులు బిస్మత్ ఉంటుంది. అది మామూలు ఇత్తడి తుక్కులో కలిస్తే స్ఫటికాల అంచులను పెళుసు చేస్తుంది, కొద్ది మోతాదే చాలు. కంటికి తేడా కనపడదు. లోహంలో ఏది ఎంత ఉందో చూపే స్పెక్ట్రోమీటర్ పరీక్ష ఒక్కటే దారి.

ఇంకో సంగతి. జింక్ 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఈ రకం ఇత్తడి కరిగేది కూడా దాదాపు 900 దగ్గరే. అందుకే మూస మీద తెల్లటి పొగ లేస్తుంది, చుట్టూ దూదిపింజల్లాంటి బూడిద పడుతుంది. ఆ పొగంతా మన జింకే. నిన్న సరిగ్గా తూచి వేసిన మిశ్రమం ఇవాళ ఎక్కువసేపు మరిగితే రాగి శాతం పెరిగి ఇంకో ఇత్తడి అవుతుంది. కాబట్టి వేసేటప్పటి తూకం చాలదు, పోసే ముందు ఒక చిన్న నమూనా తీసి పరీక్షించాలి.

జంతికల గొట్టం, రంపం

కరిగించిన లోహాన్ని దిమ్మెగా పోసి, కాల్చి, జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు ఒక రంధ్రంలోంచి నొక్కితే రాడ్ వస్తుంది. జంతికలు చేసేటప్పుడు గమనించండి, గొట్టం గోడకు అంటుకున్న పిండి ముందు కదలదు, ఆఖర్న మధ్యలోకి లాగబడుతుంది. దిమ్మె విషయంలోనూ అంతే. బయటి తోలు మీద ఆక్సైడ్ మురికి ఉంటుంది. నొక్కడం చివరికి వచ్చేసరికి ఆ తోలు లోపలికి మడిచి రాడ్ మధ్యలో గొట్టంలాంటి పొరగా చేరుతుంది. బయట రాడ్ తళతళా మెరుస్తూనే ఉంటుంది. ఆ ముక్కను ఫోర్జ్ చేసి, మధ్యలో బెజ్జం వేస్తే అప్పుడు పొర విడిపోయి కనిపిస్తుంది. అప్పటికి లేత్ ఖర్చు కూడా అయిపోయింది. ఆపరేటర్ తప్పని తిడతారు పాపం.

నివారణ రాడ్ తయారుచేసేవారి చేతిలో ఉంది. దిమ్మె చివరి భాగాన్ని నొక్కకుండా వదిలెయ్యాలి, రాడ్ తోక వైపు కోసి పారెయ్యాలి. లోహం వృథా అవుతుందని ఆ కోతలో పిసినారితనం చేస్తేనే గొడవ. కొనేవారు చెయ్యగలిగింది, వచ్చిన ప్రతి కట్ట నుంచి రాడ్ చివరలు కోసి, నున్నగా చేసి, పలచని నైట్రిక్ ఆమ్లంలో ముంచి చూడటం. పొర ఉంటే చెట్టు కాండంలో వలయంలా బయటపడుతుంది. ఐదు నిమిషాల పని.

రాడ్‌ను ముక్కలుగా కొయ్యడం అందరూ తేలిగ్గా తీసుకునే పని. లోపాల్లో మంచి వాటా అక్కడే పుడుతుందని నా అనుభవం. 30 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవున్న ముక్క బరువు దాదాపు 297 గ్రాములు. పొడవు ఒక్క మిల్లీమీటరు తగ్గితే 6 గ్రాములు పోతుంది. రాడ్ వ్యాసం 0.3 మిల్లీమీటర్లు మారినా అదే 6 గ్రాముల తేడా. లోహం చాలకపోతే డై మూలలు నిండవు. ఎక్కువైతే ఫ్లాష్ మందమై, డై పూర్తిగా మూసుకోక, ముక్క మందం పెరుగుతుంది, డై మీద భారం పడుతుంది. అందుకే పొడవు కొలిచి సరిపెట్టుకోకూడదు, తూచాలి. కొత్త కట్ట విప్పిన ప్రతిసారీ తూచాలి.

రంపం కోసిన అంచున సన్నని గరుకు ముళ్లు మిగులుతాయి. ముక్క డైలో నలిగినప్పుడు ఆ ముల్లు విరిగి ఒంట్లోకి దిగబడుతుంది, మాయమైనట్టు అనిపిస్తుంది. మాయం కాదు, పొలుసులా పైపొర కింద ఉంటుంది. పాలిష్ పట్టినప్పుడు లేచి వస్తుంది. ముక్కల్ని కోశాక డ్రమ్ములో దొర్లించి ముళ్లు రాలగొట్టడం, నూనె, తురుము కడగడం, ఇంతే చెయ్యాల్సింది.

కొలిమి: కన్ను చాలదు

చాలా యూనిట్లు ముక్కను 700 నుంచి 780 డిగ్రీల మధ్య కాలుస్తాయి. దానికి తక్కువైతే లోహం బిరుసుగా ఉండి మూలల్లోకి పోదు, అంచులు చీలుతాయి, డై కూడా పాడవుతుంది. ఎక్కువైతే స్ఫటికాలు పెద్దవై, పైభాగం నారింజ తొక్కలా గరుకవుతుంది, ఇంకా ఎక్కువైతే దెబ్బకు బెల్లం అచ్చులా పగిలిపోతుంది.

పాతకాలం పనివాళ్లు రంగు చూసి చెప్పేవారు. వాళ్ల కంటికి నేను దణ్ణం పెడతాను. కానీ ఇత్తడి ఈ వేడి దగ్గర మందమైన ఎరుపులోనే ఉంటుంది, ఇనుములా పసుపు, తెలుపు రంగుల మెట్లు ఎక్కదు. పైగా అదే ఎరుపు మిట్టమధ్యాహ్నం షెడ్డులో కనపడదు, రాత్రి మండుతున్నట్టు కనిపిస్తుంది. పగటి షిఫ్టు ఎక్కువ కాలుస్తుంది, రాత్రి షిఫ్టు తక్కువ కాలుస్తుంది. తప్పు మనిషిది కాదు, వెలుతురుది.

సరే, ముట్టుకోకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ కొన్నాం కదా అంటారు. అదీ మోసం చేస్తుంది. మెరిసే ఇత్తడి తన వేడిని తక్కువగా వెదజల్లుతుంది, అందుకని పరికరం అసలు కంటే తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి ఇంకాస్త కాలిస్తే ముక్క మాడుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఒక ముక్కకు బెజ్జం వేసి లోపల థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, కొలిమి గుండా పంపి, అసలు వేడి ఎంతో తెలుసుకుని, ఆ లెక్కకు ఇన్‌ఫ్రారెడ్ పరికరాన్ని సరిచేసుకోవడం.

కొలిమి దగ్గర రాసిపెట్టుకోవలసిన నియమం ఇంకొకటి ఉంది. కరెంటు పోయినా, ప్రెస్ ఆగినా, కొలిమి లోపలున్న ముక్కలు ఉడుకుతూనే ఉంటాయి. పని మళ్లీ మొదలైనప్పుడు వాటిని మామూలుగా కొట్టేస్తారు. ఒకసారి నేను పనిచేసిన చోట ఇలాంటి ఆగుడు తర్వాత కొట్టిన మూడు బుట్టల సరుకు, కొనుగోలుదారు దగ్గర లీకు పరీక్షలో తప్పింది. అప్పటి నుంచి ఆగిన వెంటనే లోపలి ముక్కలన్నీ బయటికి తీసి ఎర్ర రంగు డబ్బాలో వెయ్యాలని పెట్టుకున్నాం. అవి పాడైపోయినట్టేమీ కాదు, మళ్లీ కరిగించడానికి పనికొస్తాయి.

మడత కాజా

ఫోర్జింగ్ లోపాల్లో అన్నిటికంటే మాయదారిది మడత. యూనిట్లలో ల్యాప్ అంటారు. తాపేశ్వరం మడత కాజాను తలుచుకోండి. పిండిని పొరలుగా మడిచి చుట్టి ఎంత నొక్కినా, మధ్యలో నెయ్యీ పిండీ రాసి ఉంటాయి కాబట్టి పొరలు అతుక్కోవు. నూనెలో పడగానే విచ్చుకుంటాయి. కాజాకు అదే అందం. ఇత్తడి ముక్కలో అదే జరిగితే ప్రమాదం. వేడి ముక్క మీద సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది, దాని మీద, ముక్క అంటుకోకుండా డైకి పూసిన గ్రాఫైట్ ఉంటుంది. లోహం డైలో పారేటప్పుడు ఒక చోట వెనక్కి తిరిగి తన మీద తానే పడితే, ఎంత ఒత్తిడి పెట్టినా ఆ రెండు ముఖాలూ కలవవు. పైకి వెంట్రుకంత గీత కనపడుతుంది, ఒక్కోసారి అదీ కనపడదు.

లోహం ఎందుకు వెనక్కి తిరుగుతుంది? కాలువ నీళ్లు మలుపు తిరిగినట్టే. మలుపు గుండ్రంగా ఉంటే నీళ్లు ఒడ్డును ఒరుసుకుంటూ పోతాయి. మలుపు ఒక్కసారిగా వంగితే ఒడ్డును వదిలేసి, అవతల తగిలి, సుడి తిరుగుతాయి. డైలో లోపలి మూల పదునుగా ఉంటే లోహం మూలను వదిలేసి దూకి, ఎదుటి గోడకు తగిలి, వెనక్కి వచ్చి, మూలలో మిగిలిన ఖాళీ మీద కప్పుకుంటుంది. మూలలకు గుండ్రం ఎక్కువ ఇవ్వడం దీనికి మొదటి మందు. డై నమూనా గీసేవారు తర్వాత లేత్ మీద చెక్కే పని తగ్గుతుందని మూలల్ని పదును చేస్తారు. అక్కడ మిగిల్చిన రూపాయి తిరస్కరించిన సరుకులో పోతుంది.

ముక్కను డైలో మధ్యకు కాకుండా పక్కకు పెట్టినా మడత వస్తుంది, ఒక వైపు ముందు నిండి అక్కడి లోహం రెండో వైపుకు పొర్లుతుంది. గ్రాఫైట్ మరీ ఎక్కువ పూసినా అంతే. పైగా అది నీళ్లలో కలిపినది. డై మూలలో తడి మిగిలితే వేడి ముక్క పడగానే ఆవిరై, బయటికి పోయే దారి లేక, ఆ మూలను లోహంతో నిండనివ్వదు. అందుకే డైని 200 నుంచి 300 డిగ్రీల వరకు వేడి చేసి ఉంచాలి, పలచగా సమంగా పుయ్యాలి, లోతు మూలల్లో గాలి పోవడానికి సన్నని బెజ్జాలు పెట్టాలి. చల్లటి డైతో షిఫ్టు మొదలుపెట్టి, మొదటి యాభై ముక్కలతో డైని వేడి చేసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ యాభై ముక్కలూ మంచి సరుకులోనే కలుస్తాయి. అది మానాలి.

డైలకు కూడా ఆయుష్షుంది. ప్రతి దెబ్బకూ పైపొర వేడెక్కి చల్లారుతూ ఉంటే, ఎండాకాలం నల్లరేగడి చేలు నెర్రెలిచ్చినట్టు డై ముఖం మీద సన్నని నెర్రెలు పడతాయి. ఆ నెర్రెలు అచ్చుగుద్దినట్టు ముక్క మీద ఉబ్బెత్తు గీతలుగా దిగుతాయి. చూసినవాళ్లు పగుళ్లనుకుంటారు. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. పగులు లోపలికి ఉంటుంది, ఇది పైకి ఉంటుంది. చల్లారాక ఇత్తడి ముక్క సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది, 100 మిల్లీమీటర్లకు ఒకటిన్నర మిల్లీమీటరు. డై గీసేటప్పుడు ఈ లెక్క కలుపుకోవాలని అందరికీ తెలుసు. ముక్క వేడి రోజుకో రకంగా ఉంటే ఈ లెక్క కూడా రోజుకో రకంగా మారుతుందని మాత్రం మరిచిపోతారు.

ఒక లోపం కనిపించగానే అడగాల్సింది "ఎవరు చేశారు?" అని కాదు, "ఎక్కడ, ఎప్పుడు?" అని. ప్రతి ముక్కలో అదే చోట గీత వస్తుంటే డై వైపు చూడాలి. రాడ్ కట్ట మారినప్పుడు మొదలై ఆ కట్టతోనే ఆగిపోతే రాడ్ వైపు. ఒక్క షిఫ్టులోనే వస్తుంటే కొలిమి వైపు. అక్కడక్కడ, చోటు మారుతూ వస్తుంటే కోత ముళ్లను, మురికిని అనుమానించాలి. ముక్కను అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే ఇంకా తెలుస్తుంది. మడత ఏటవాలుగా లోపలికి వెళ్లి, మొద్దుగా ఆగుతుంది, లోపల నల్లటి గ్రాఫైట్ ఉంటుంది. పగులు పదునుగా, వంకరటింకరగా పోతుంది.

చివర్లో చేసే లీకు పరీక్ష, సైకిలు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూడటం లాంటిదే. లోపల గాలి నింపి నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి. అవసరమైన పరీక్షే. కానీ గోడను సగం వరకే చీల్చిన మడత ఆ రోజు బుడగ ఇవ్వదు. ఏడాది తర్వాత నీళ్లు ఇస్తుంది. ధవళేశ్వరం దగ్గర బురద దిగితే శివారు కాలువలో వడకట్టి ఎంతని తేటపరుస్తాం? షిఫ్టు మొదట్లో ఒక ముక్క, రాడ్ కట్ట మారినప్పుడు ఒక ముక్క, డై సరిచేసినప్పుడు ఒక ముక్క నిలువునా కోసి చూడటం వంద శాతం తుది తనిఖీ కంటే ఎక్కువ సరుకును కాపాడుతుంది. నేను గట్టిగా నమ్మే మాట ఇది.

దెబ్బ తర్వాత

ఇప్పుడు బావగారి నట్టు. ఇంటికి తెచ్చి నిలువునా కోశాను. చీలిక ఏటవాలుగా లేదు, గ్రాఫైట్ లేదు, అంటే మడత కాదు. రాడ్ పొర కాదు, వలయం లేదు. స్ఫటికాలు పెద్దవి కాలేదు. ఫోర్జింగ్ శుభ్రంగా ఉంది. చీలిక నట్టు మర చుట్ల (త్రెడ్ల) లోపలి అంచున మొదలై బయటికి వచ్చింది. దాని గోడల మీద నీలం కలిసిన ఆకుపచ్చ మరక ఉంది. అది అమ్మోనియా సంతకం.

దీని కథ మన దేశంలోనే మొదలైంది. ఇంగ్లీషు సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసేది. వానలు తగ్గేసరికి ఇత్తడి తొడుగులు ఎవరూ ముట్టుకోకుండానే చీలి ఉండేవి. ఆ ఋతువులో వస్తుంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, తొడుగు చేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తేనే చీలిక వస్తుందని మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు 1921లో వివరించారు. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఇత్తడి నిలబడుతుంది.

మన డెల్టాలో తేమకు లోటు లేదు. అమ్మోనియాకూ లేదు. కోళ్ల పెంట దగ్గర కళ్లు మండేది దాని వల్లే. తడి తగిలిన యూరియా బస్తాలు, మేత కుళ్లిన రొయ్యల చెరువులు కూడా దాన్నే వదులుతాయి. భీమవరం, నరసాపురం వైపు ఐస్ ఫ్యాక్టరీల్లో అమ్మోనియాతో నడిచే యంత్రాల పైపులకు అందుకే రాగి, ఇత్తడి వాడరు, ఉక్కు వాడతారు. ఇక మిగిలింది బిగువు. దాన్ని మాత్రం తయారీలోనే తీసెయ్యొచ్చు.

ఎర్రగా ఉన్నప్పుడు కొట్టిన దెబ్బ లోహంలో పెద్దగా బిగువు మిగల్చదు, ఆ వేడికే సర్దుకుంటుంది. చల్లారాక చేసే పనులు మిగులుస్తాయి. ఫ్లాష్‌ను మొద్దు పంచ్‌తో చింపినట్టు కత్తిరించడం, వంకర తీయడం, కొలత సరిపెట్టడానికి చల్లగా మళ్లీ డైలో పెట్టి కొట్టడం, లోపల ఇంకో భాగాన్ని బలవంతంగా దిగ్గొట్టడం. వీటి తర్వాత ముక్కల్ని 250 నుంచి 300 డిగ్రీల దగ్గర గంటపాటు ఉంచితే బిగువు చాలావరకు సడలుతుంది, గట్టితనం పోదు. చిన్న ఓవెన్, ఒక గంట. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ గంటే, ఎందుకంటే చేసినా చెయ్యకపోయినా ముక్క చూడటానికి ఒకేలా ఉంటుంది.

ఉప్పునీళ్లు తగిలే తీర గ్రామాల వాళ్లకు ఇంకో బెడద ఉంది, నీళ్లు ఇత్తడిలోని జింక్‌ను మెల్లగా లాగేసి, ఎర్రటి గుల్ల రాగిని మిగులుస్తాయి. దానికి కొద్దిగా ఆర్సెనిక్ కలిపి, ఫోర్జింగ్ తర్వాత 500 డిగ్రీల పైన కాసేపు ఉంచి తయారుచేసే వేరే రకం ఇత్తడి ఉంది. డీజడ్ఆర్ (జింక్ పోవడాన్ని తట్టుకునే రకం) అని అడిగి కొనాలి.

బావగారు కొన్న పెట్టెలో పది నట్లు. షెడ్డులో నాలుగు బిగించారు, ఆరు మిగిలాయి. పానా తగలని ఆరు. వాటిని వెలుతురులో తిప్పి చూస్తే పలకల మీద అద్దంలా నునుపైన పట్టీలు కనిపించాయి, చల్లగా ఉండగా మళ్లీ కొట్టిన గుర్తులు. తెలిసిన వర్క్‌షాపులో ఓవెన్ ఉంటే మూడింటిని 280 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. మిగతా మూడు అలాగే వదిలేశాను. ఆరింటినీ అమ్మోనియా ద్రావణం పోసిన మూత డబ్బాలో, ద్రావణం తగలకుండా పైన దారంతో వేలాడదీశాను. ఈ పని ఇంట్లో కాకుండా ఆరుబయట, కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యాలి.

మర్నాడు మూత తీస్తే, ఓవెన్‌కు వెళ్లిన మూడూ నల్లబడ్డాయి గానీ చీలలేదు. వెళ్లని మూడింట్లో రెండు పొడవునా చీలి ఉన్నాయి, షెడ్డులోని నట్టు చీలినట్టే. ఆరు నట్లతో లోకానికంతా తీర్పు చెప్పలేం. ఆ పెట్టెకు మాత్రం చాలు. చీలిన రెండింటినీ కాగితంలో చుట్టి కొట్టాయన దగ్గరికి వెళ్లి, పానా మీద వేసిన నింద వెనక్కి తీసుకోమని అడిగాను. ఆయన రెండూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, మిగతా పెట్టెలు అరల్లోంచి దింపించాడు.